మోటార్‌హోమ్ వెనక ఏ కారు కట్టాలి? – నరసన్నపేట మేష్టారి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: అయ్యా, నేను నరసన్నపేటలో ఉంటున్న రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఈ మధ్య ఒక పాత మోటార్‌హోమ్ కొన్నాడు. పడకలు, వంటగది, బాత్రూమ్ అన్నీ లోపలే ఉన్న పెద్ద బండి. వచ్చే జూన్‌లో మేమిద్దరం వెళ్తే ఎల్లోస్టోన్, గ్లేసియర్ పార్కులు చూపిస్తానంటున్నాడు. ఆ బండి వెనక ఒక కారు కూడా కట్టి లాక్కెళ్తాడట. వాడి దగ్గర టయోటా రావ్‌ఫోర్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు రెండూ ఉన్న కారు) ఉంది. "న్యూట్రల్‌లో పెట్టి కట్టేస్తే చాలు నాన్నా" అంటాడు. కోడలేమో ఎలాగూ టెస్లా కొనాలనుకుంటున్నాం కదా, దాన్నే కట్టుకుందాం అంటోంది. మోటార్‌హోమ్ వెనక కారు తగిలించే కొక్కెం, అదే హిచ్, దాని మీద 5,000 పౌండ్లు అని రాసి ఉందట. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వెనక కారు ఊగుతూ వస్తుందంటే ఆవిడకు ఇప్పటినుంచే టెన్షన్. ఏ కారు కట్టుకుంటే మంచిది? ఇలాంటిది మనవైపు కూడా చేయొచ్చా? మనవలు వచ్చినప్పుడు అరకు వెళ్ళాలని నా కోరిక.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నరసన్నపేట

జవాబు:

మేష్టారూ, నమస్కారం.

మీ అబ్బాయికి ఈ రోజే ఫోన్ చేసి ఒక మాట చెప్పండి. ఆ రావ్‌ఫోర్‌ని న్యూట్రల్‌లో పెట్టి, నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగొద్దు. టెస్లా కొన్నా అంతే. ఈ రెండు కార్లనూ అలా లాగకూడదని వాటిని తయారుచేసినవాళ్ళే కారుతో ఇచ్చే పుస్తకంలో రాశారు. కాబట్టి వాళ్ళ ఇంట్లో ఉన్న కారూ పనికిరాదు, కొనాలనుకుంటున్న కారూ పనికిరాదు. ఏది పనికొస్తుందో చెప్పేముందు ఇవెందుకు పనికిరావో చెబుతాను. ఆ కారణం తెలిస్తే మిగతాది మీరే తేల్చుకోగలరు.

"న్యూట్రల్‌లో పెడితే చాలు" అనే మాట నేనూ చాలాకాలం నమ్మాను. విజయనగరంలో ముప్పై ఏళ్ళు గ్యారేజీ నడిపాను. అందులో ఎక్కువ కాలం నా చేతికి వచ్చినవన్నీ గేర్లు చేత్తో మార్చే బండ్లే. తర్వాత మా బావమరిది ఆటోమేటిక్ కారు కొన్నాడు. ఒకరోజు రణస్థలం దగ్గర హైవే మీద అది ఆగిపోయింది. టోయింగ్ బండి వచ్చింది. ఆ కుర్రాడు కారు వెనక చక్రాలు పైకి లేపి, ముందు చక్రాలు రోడ్డు మీద వదిలి, న్యూట్రల్‌లో పెట్టి విశాఖపట్నం దాకా లాక్కెళ్ళాడు. ఫోన్లో నన్నడిగితే సరేనన్నాను. అరవై కిలోమీటర్ల పైనే దూరం. కారు ఆగిపోవడానికి అసలు కారణం ఫ్యూయల్ పంపు, మధ్యాహ్నానికల్లా మార్చేశారు. తీరా స్టార్ట్ చేసి గేరు వేస్తే బండి కదల్లేదు. గేరుబాక్సు ఆయిల్ దింపితే మాడిన వాసన, అందులో ఇనప పొడి. చిన్న రిపేరుతో పోవాల్సింది గేరుబాక్సు ఖర్చుదాకా వచ్చింది. ఆ రోజు నేను "సరే" అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. మీ ఉత్తరం చదవగానే అదే గుర్తొచ్చింది.

లోపల జరిగేది ఇది. ఆటోమేటిక్ గేరుబాక్సులో ఆయిల్‌ని అన్ని భాగాలకూ పంపే పంపు ఒకటి ఉంటుంది. మామూలుగా దాన్ని తిప్పేది ఇంజన్. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. కరెంటు పోయాక పంపుసెట్టు నుంచి చేలోకి నీళ్ళు రానట్టే, ఆయిల్ ఎక్కడికీ పోదు. కానీ కారుని లాగుతున్నప్పుడు చక్రాలు తిరుగుతాయి, వాటితోపాటు గేరుబాక్సులో చక్రాలవైపు ఉన్న భాగాలూ తిరుగుతాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్‌తో సంబంధం తెగుతుంది, అంతే. చక్రాలతో సంబంధం తెగదు. ఆయిల్ లేకుండా గంటల తరబడి తిరిగితే ఇనుము ఇనుముని తినేస్తుంది. గ్యారేజీ దాకా నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా లాగితే బయటపడొచ్చేమో కానీ, డల్లాస్ నుంచి ఎల్లోస్టోన్ దాకా లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. టెస్లాలో బాధ వేరు. అందులో చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుతుంది, తిరిగే మోటారు కరెంటు పుట్టిస్తుంది, వేడెక్కుతుంది. అందుకే ఆ కార్లను ట్రక్కు మీదికి ఎక్కించే తీసుకెళ్ళమంటారు.

గేర్లు చేత్తో మార్చే కార్లలో చాలావరకు గేర్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. తిరిగినప్పుడు అవే ఆయిల్ చిమ్ముకుంటాయి, పంపు అవసరం లేదు. అందుకే అవి లాగడానికి అనువు. అలాగని అన్నీ కాదు. కొన్నింటిలో న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ చిమ్మే గేరు తిరగదు, పైనున్న బేరింగు ఎండిపోతుంది. అందుకే మాన్యువల్ అనగానే నమ్మేయకూడదు, ఆటోమేటిక్ అనగానే కొట్టేయనూకూడదు. ఆ మోడల్, ఆ సంవత్సరం, ఆ గేరుబాక్సు గురించి కారు పుస్తకం ఏం చెప్తోందో అదే ప్రమాణం. అమెరికా కార్ల పుస్తకాల్లో దీనికి "రిక్రియేషనల్ టోయింగ్" అని ఒక భాగం ఉంటుంది, కొన్నింటిలో "డింగీ టోయింగ్" అంటారు. అమ్మేవాడి మాట కాదు, పక్కింటాయన మాట కాదు, ఆ పేజీ చూడమనండి. పాత కార్ల పుస్తకాలు కూడా కంపెనీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి.

మరి రావ్‌ఫోర్‌ని ఇంకెలాగైనా తీసుకెళ్ళొచ్చా అని మీ అబ్బాయి అడుగుతాడు. మా చిన్నప్పుడు ఎడ్లబండి వెనక దూడని కట్టి సంతకు తోలుకెళ్ళేవారు, గుర్తుందా? దూడ తన కాళ్ళ మీద తానే నడిచేది, బండి మీద బరువు పడేది కాదు. నాలుగు చక్రాల మీద లాగడం అలాంటిది. అది కుదరకపోతే రెండు దారులున్నాయి. ముందు రెండు చక్రాలు చిన్న బండి మీదికి ఎక్కించి, వెనక చక్రాలు నేల మీద వదలడం ఒకటి. దాన్ని టో డాలీ అంటారు. ముందు చక్రాలకే ఇంజన్ ఉన్న కార్లకు ఇది బాగానే పనిచేస్తుంది. కానీ 2025 మోడల్ దాకా అమెరికాలో అమ్మిన రావ్‌ఫోర్ హైబ్రిడ్‌కి వెనక చక్రాల దగ్గర ఇంకో మోటారు ఉంటుంది కాబట్టి ఇదీ కుదరదు. మిగిలింది మొత్తం కారుని ట్రైలర్ మీదికి ఎక్కించడం. ఇక్కడ లెక్క వేయండి. ఆ కారు బరువు 3,700 పౌండ్ల పైనే. కారుని మోసే ట్రైలర్ ఖాళీగానే 2,200 పౌండ్లు ఉంటుంది. రెండూ కలిపితే 5,900 పౌండ్లు. వాళ్ళ హిచ్ మోయగలిగింది 5,000. మేష్టారికి వేరే చెప్పాలా!

ఇక పనికొచ్చే కార్లు. నా దృష్టిలో మీ ఇంటికి అన్నిటికన్నా సరిపోయేది 2012 నుంచి 2014 మధ్య వచ్చిన హోండా సీఆర్‌వీ. అది ఆటోమేటిక్ అయినా నాలుగు చక్రాల మీద లాగడానికి హోండా ఒప్పుకుంది. బరువు సుమారు 3,400 పౌండ్లు, అంటే పదిహేను వందల కిలోల పైచిలుకు. సీటు మరీ ఎత్తూ కాదు, మరీ కిందా కాదు. మీ ఆవిడ మోకాళ్ళు ఎక్కువగా వంచకుండా పక్కనుంచి జరిగి కూర్చోవచ్చు. కానీ సంవత్సరం విషయంలో చాలా జాగ్రత్త. 2015లో అదే పేరుతో, దాదాపు అదే రూపంతో వచ్చిన సీఆర్‌వీలో గేరుబాక్సు మార్చేశారు. దాన్ని అలా లాగకూడదు. ఒక్క సంవత్సరం తేడాతో కొని గేరుబాక్సు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఆ సీఆర్‌వీని కట్టేముందు చేయాల్సిన పద్ధతి ఒకటి ఉంది. ఇంజన్ స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి ఉంచి, గేరుని అన్ని స్థానాల్లోకీ తిప్పి, డ్రైవ్‌లోకి తెచ్చి, అక్కడినుంచి న్యూట్రల్‌లోకి వేయాలి. రివర్స్ నుంచి నేరుగా న్యూట్రల్‌లోకి వేయకూడదు. తర్వాత ఇంజన్‌ని మూడు నిమిషాలు అలా తిరగనిచ్చి ఆపాలి. రోజుకి ఎనిమిది గంటలు దాటి లాగితే మళ్ళీ ఇదంతా చేయాలి. వేగం గంటకు 65 మైళ్ళు మించకూడదు. మీరు పక్కన నిలబడి చేతి గడియారం చూసి మూడు నిమిషాలు లెక్కపెట్టండి. యువకులు ఒక నిమిషానికే "చాలులే" అనేస్తారు.

ఇంకో మంచి కారు జీప్ రాంగ్లర్. మోటార్‌హోమ్‌ల వెనక చాలాచోట్ల కనిపించేది అదే. దానికి గేరుబాక్సుకీ చక్రాలకూ మధ్య ట్రాన్స్‌ఫర్ కేస్ అని వేరే పెట్టె ఉంటుంది. దాన్ని న్యూట్రల్‌లో పెడితే చక్రాలు ఎన్ని వేల మైళ్ళు తిరిగినా గేరుబాక్సు లోపల ఏదీ కదలదు. పాడైపోయే భయం దాదాపు ఉండదు, సీఆర్‌వీలా ఇంజన్‌ని మూడు నిమిషాలు తిరగనివ్వాల్సిన పనీ లేదు. కానీ నాలుగు తలుపుల మోడల్ 4,200 పౌండ్లు దాటుతుంది. పైగా ఎత్తు ఎక్కువ. ఎక్కడానికి, దిగడానికి మీ ఆవిడ ఇబ్బంది పడతారు. ఆవిడ కోసమే నేను సీఆర్‌వీ వైపు మొగ్గుతున్నాను.

బరువు బాగా తగ్గాలంటే మాన్యువల్ గేర్ల షెవర్లే స్పార్క్ లాంటి చిన్న కారు వెతకొచ్చు. బరువు 2,250 పౌండ్ల దగ్గరే ఉంటుంది. 2022తో ఆ కారు తయారీ ఆపేశారు, కాబట్టి పాతదే దొరుకుతుంది. అమెరికాలో పెరిగినవాళ్ళకు క్లచ్ తొక్కడం రాకపోవచ్చు, కానీ మీ అబ్బాయి శ్రీకాకుళంలో డ్రైవింగ్ నేర్చుకుని ఉంటే ఆ బాధ లేదు. అయితే అందులో నలుగురికే సీట్లుంటాయి. హైబ్రిడ్డే కావాలని కోడలు పట్టుబడితే, ముందు చక్రాలకే ఇంజన్ ఉన్న ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్‌ని నాలుగు చక్రాల మీద లాగొచ్చు. అన్ని హైబ్రిడ్లూ ఒకటి కాదనడానికి అదే సాక్ష్యం.

కారు ఎంచుకున్నాక డబ్బు కట్టేముందు ఇంకో రెండు చూడాలి.

హిచ్ మీద 5,000 అని ఉంది కాబట్టి 5,000 లాగొచ్చని అర్థం కాదు. మోటార్‌హోమ్ తయారీదారు, బండీ దాని వెనక లాగేదీ కలిపి మొత్తం ఇంత దాటకూడదని ఒక బరువు ఇస్తాడు. డ్రైవర్ తలుపు దగ్గరో, పుస్తకంలోనో ఉంటుంది. అందులోంచి మోటార్‌హోమ్ అసలు బరువు తీసేయాలి. అసలు బరువంటే ఖాళీ బండి బరువు కాదు. నీళ్ళ ట్యాంకు, గ్యాసు, పెట్రోలు, మీరు ఇక్కడినుంచి మోసుకెళ్ళే పచ్చళ్ళు, బియ్యం, మనుషులు అన్నీ కలిపి. ఉదాహరణకు మొత్తం పరిమితి 18,500 పౌండ్లు, నిండిన బండి 14,500 ఉందనుకుందాం. మిగిలేది 4,000. అప్పుడు హిచ్ మీద ఏం రాసి ఉన్నా వెనక కారు 4,000 లోపే ఉండాలి. హైవేల పక్కన ట్రక్కులు తూచే కాటాలుంటాయి. సామానంతా సర్దాక ఒకసారి తూయించమనండి.

రెండోది, ఆ కారుకి బేస్ ప్లేట్ దొరుకుతుందో లేదో. ముందు బంపర్ వెనక ఛాసిస్‌కి బోల్టులతో బిగించే ఇనప అమరిక అది. మోటార్‌హోమ్‌నీ కారునీ కలిపే టో బార్ వచ్చి దానికే తగులుకుంటుంది. ఏ మోడల్‌కి ఆ మోడల్‌దే ఉంటుంది. కారు కొన్నాక దానికి బేస్ ప్లేట్ లేదని తెలిస్తే అంతా వృథా.

వెనక కారు ఊగుతూ వస్తుందని మీ ఆవిడ భయం కదా. టో బార్ గట్టి ఇనప కడ్డీ. మన రోడ్ల మీద లారీలను తాడుతో లాగుతుంటే చూస్తామే, అలా ఉండదు. కారు నేరుగా, బండి అడుగుజాడల్లోనే వస్తుంది. టో బార్ నేలకు సమాంతరంగా ఉండాలి. ఆ కొసకీ ఈ కొసకీ ఎత్తులో మూడు నాలుగు అంగుళాలకు మించి తేడా ఉంటే సరిచేసే అడాప్టర్ వేయించాలి. దానికి తోడు రెండు ఇనప తాళ్ళు రక్షణగా కడతారు. వెనక కారు లైట్లు, ఇండికేటర్లు మోటార్‌హోమ్‌తో కలిసి వెలగాలి.

అసలు భయపడాల్సింది బ్రేకుల గురించి. పదిహేను వందల కిలోల కారు వెనకనుంచి తోస్తుంటే, పర్వతాల దిగుడులో మోటార్‌హోమ్ ఒక్కటే ఆపాలంటే బ్రేకులు కాలిపోతాయి. కాబట్టి వెనక కారుకి వేరే బ్రేక్ పెట్టించాలి. ముందు డ్రైవర్ బ్రేక్ తొక్కినప్పుడు వెనక కారు పెడల్‌ని కూడా నొక్కే యంత్రాలు దొరుకుతాయి. కొన్ని డ్రైవర్ సీటు ముందు పెట్టే పెట్టెలు, కొన్ని శాశ్వతంగా బిగించేవి. టో బార్ ఎప్పుడైనా తెగిపోతే కారుని దానంతట అదే ఆపే బ్రేక్‌అవే తీగ కూడా ఉండాలి. 3,000 పౌండ్లు దాటితే వేరే బ్రేక్ ఉండాలని చాలా రాష్ట్రాల్లో నిబంధన ఉంది. నన్నడిగితే అంతకన్నా తక్కువ బరువున్నా పెట్టించాల్సిందే. ఇందులో డబ్బు మిగుల్చుకోవద్దని మీ అబ్బాయికి తండ్రిగా గట్టిగా చెప్పండి.

ఆ దేశంలో మా అమ్మాయివాళ్ళతో ఇలాగే ఒకసారి తిరిగాం. అప్పుడు చూసిన సంగతి ఒకటి చెప్తాను. కారు కట్టి ఉన్నప్పుడు రివర్స్ చేయలేం. వెనక్కి తోయగానే కారు ముందు చక్రాలు ఒకపక్కకి పూర్తిగా తిరిగిపోతాయి, టో బార్ వంగిపోతుంది. ఒక పెట్రోల్ బంకులో మా ముందున్న పెద్దాయన ఇరుకులో చిక్కుకున్నాడు. వెనక క్యూలో ఉన్న ఆరు కార్లూ వెనక్కి వెళ్ళేదాకా ఆగి, కారు విప్పి, మోటార్‌హోమ్ తిప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. అరగంట పట్టింది. అందుకని ఎక్కడికి తిప్పాలన్నా బయటికి దారి కనిపించాకే లోపలికి వెళ్ళాలి. ట్రక్కులకు వేరే బంకులుంటాయి, అవి నయం.

ఆగిన ప్రతిచోటా మీరు దిగి కారు చుట్టూ ఒకసారి తిరగండి. మీ వయసుకు కాళ్ళు చాపుకున్నట్టూ ఉంటుంది. పిన్నులు, తాళ్ళు, లైట్లు చూడండి. నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి, ముట్టుకోకుండానే వేడి తెలుస్తుంది. ఒక చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే హ్యాండ్ బ్రేక్ వదల్లేదనో, బ్రేక్ పట్టేసిందనో అర్థం. స్టీరింగ్ లాక్ పడకుండా తాళం చెవి ఒక స్థానంలో ఉంచాలి కాబట్టి బ్యాటరీ మెల్లగా దిగిపోతుంది. మోటార్‌హోమ్ నుంచి చార్జింగ్ తీగ వేయించుకుంటే సాయంత్రం కారు స్టార్ట్ కాకపోవడమనే బాధ ఉండదు.

ఇన్ని తంటాలు పడి కారు కట్టడం అవసరమా అని మీకు అనిపించవచ్చు. గ్లేసియర్ వెళ్తున్నారు కాబట్టి అవసరమే. అక్కడ కొండల మీదుగా వెళ్ళే గోయింగ్ టు ద సన్ రోడ్డులో ప్రధాన భాగం మీద 21 అడుగుల కన్నా పొడవైన బండ్లను రానివ్వరు. మోటార్‌హోమ్‌ని కింద వదిలి కారులో వెళ్తేనే మీరు చూడాలనుకున్నది చూస్తారు.

ఇక మనవైపు సంగతి. మన రోడ్డు నిబంధనల ప్రకారం చెడిపోయిన బండిని దగ్గరలోని గ్యారేజీ దాకా లాగడానికే అనుమతి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదు. బాగున్న కారుని సరదాకు వెనక కట్టుకుని ఊళ్ళు తిరగడం ఇక్కడ కుదరదు. పైగా శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మలుపులు మీకు తెలియనివి కావు. మనవలతో అరకు వెళ్ళడానికి కిరండూల్ రైలంత హాయి ఇంకోటి లేదు, సొరంగాలు వచ్చినప్పుడు పిల్లల కేకలు వినాలి. అయితే మీ కారు ఆటోమేటిక్ అయితే నా బావమరిది సంగతి గుర్తుంచుకోండి. మడపాం టోల్‌గేటు దగ్గరో, పైడిభీమవరం దగ్గరో ఆగిపోతే, ఫోన్లోనే "ఫ్లాట్‌బెడ్ బండి పంపండి, నాలుగు చక్రాలూ పైనే ఉండాలి" అని చెప్పండి. తాడు తెచ్చినవాణ్ణి వెనక్కి పంపేయండి, అరగంట ఎండలో నిలబడాల్సి వచ్చినా సరే.

మీ అబ్బాయి ఏదైనా కారు చూశాక దాని మోడల్, సంవత్సరం, ఆటోమేటిక్కో మాన్యువలో, ముందు చక్రాలదో నాలుగు చక్రాలదో రాసి, పుస్తకంలో టోయింగ్ పేజీ ఫొటోతోపాటు నాకు పంపండి. మోటార్‌హోమ్ తలుపు దగ్గర అంటించిన బరువుల స్టిక్కర్ ఫొటో కూడా కావాలి. అడ్వాన్సు ఇవ్వకముందే పంపితే నేను చూసి చెప్తాను.